బరువులు మోసే పని చేసేవారు ఆన్‌లైన్ వ్యాయామ ప్లాన్ కొనే ముందు ఒకసారి ఇది చదవండి

గోదాములో లోడింగ్ పని చేసే నేను నాలుగు నెలల క్రితం ఆన్‌లైన్‌లో 12 వారాల స్ట్రెంత్ ట్రైనింగ్ ప్లాన్ ఒకటి కొన్నాను. "శారీరక శ్రమ చేసేవారికి ప్రత్యేకం, మీ దినచర్యను బట్టి తయారు చేసి ఇస్తాం" అన్న మాట నమ్మే డబ్బు కట్టాను. నాలుగో వారం పూర్తికాకముందే నడుము పట్టేసి తొమ్మిది రోజులు పనికి వెళ్లలేకపోయాను. అమ్మినవారి పేరు రాయడం లేదు. ఇలాంటి ప్లాన్లు అమ్మేవారు చాలామంది ఉన్నారు కనుక, పేరు కన్నా వాటిని గుర్తుపట్టడం ఎలాగో తెలియడమే మీకు ఎక్కువ అక్కరకు వస్తుంది.

డబ్బు కట్టాక ఒక ఫారమ్ పంపారు. వయసు, ఎత్తు, బరువు, జిమ్ అనుభవం, లక్ష్యం అడిగారు. వృత్తి అన్న గడిలో "లోడింగ్, రోజుకు 10 గంటలు, వారానికి ఆరు రోజులు" అని నింపాను. అయితే రోజుకు ఎంత బరువు ఎత్తుతానో, ఎన్నిసార్లు వంగుతానో, ఏ రోజున పని ఎక్కువగా ఉంటుందో, సెలవు ఎప్పుడో ఎవరూ అడగలేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది. రెండు రోజుల్లో వచ్చిన ప్లాన్‌లో వారానికి ఐదు రోజులు జిమ్, అందులో రెండు రోజులు డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును నిలబడి తొడల దాకా లేపడం), రెండు రోజులు స్క్వాట్ (భుజాల మీద బరువుతో గుంజీలా కూర్చుని లేవడం), ఇవి చాలవన్నట్టు రోజూ 10 వేల అడుగుల నడక ఉన్నాయి. షిఫ్ట్‌లో నేను నడిచేదే అంతకు మించి ఉంటుంది. ఇక ఐదో వారం పేజీలో "గంటకోసారి మీ కుర్చీలోంచి లేచి ఒళ్లు విరుచుకోండి" అని రాసి ఉంది. కూర్చుని పని చేసేవారి కోసం ఎప్పుడో రాసిన ప్లాన్‌కు పైన నా పేరు తగిలించి పంపారని అది చూశాక గాని తెలియలేదు. ఆ పేజీ దాకా వచ్చేసరికి నేను మంచం మీద ఉన్నాను.

లెక్క చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. 80 కిలోల డెడ్‌లిఫ్ట్ ఐదు సెట్లు (విడతలు), సెట్‌కు ఐదు రెప్స్ (ఒక్కో రెప్ అంటే ఒకసారి ఎత్తి దించడం) చేస్తే ఎత్తిన మొత్తం 2,000 కిలోలు. 15 కిలోల పెట్టెలు 400 దించిన రోజున నేను ఎత్తేది 6,000 కిలోలు. జిమ్‌లో ఒక్కో రెప్ బరువు ఎక్కువ కాబట్టి రెండూ సమానమని అనను, కానీ పని చేసేది అదే నడుము, అవే తొడలు, అదే పట్టు. వ్యాయామంతో కండరం అలసి, విశ్రాంతిలో కోలుకుని, ఆ తరువాతే మునుపటి కన్నా బలపడుతుంది. కుర్చీలో కూర్చునేవారికి జిమ్ అయ్యాక దొరికే ఆ విశ్రాంతి మనకు మరుసటి ఉదయమే షిఫ్ట్‌తో ముగిసిపోతుంది. ఇది లెక్కలో లేని ప్లాన్ ఏదైనా, ఎంత గొప్ప కోచ్ రాసినా, మనకు పనికిరాదు.

రెండో వారంలోనే మధ్యాహ్నం అయ్యేసరికి పెట్టెలు చేతిలోంచి జారడం మొదలైంది. కోచ్‌కు సందేశం పెడితే "శరీరం అలవాటు పడుతోంది, ఆపకండి" అని రెండు ముక్కల జవాబు వచ్చింది. నాలుగో వారం ఒక ఉదయం షూ లేసు కట్టుకోవడానికి వంగాను, మళ్లీ లేవలేకపోయాను. డాక్టర్ చూసి కండరం పట్టేసిందని, నరానికి దెబ్బ తగల్లేదని చెప్పారు. నొప్పి కాలులోకి పాకుతున్నా, కాలు తిమ్మిరెక్కుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలని, మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా క్షణం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలని కూడా హెచ్చరించారు.

ప్లాన్ అమ్మినవారికి ఈ సంగతి తెలిపితే, పనిలో కట్టుకొమ్మంటూ ఒక నడుము బెల్టు అమ్మజూపారు. గాయం లేని కార్మికులకు ఇలాంటి బెల్టులు నడుము గాయాలను నివారిస్తాయనడానికి తగిన ఆధారం లేదని, వాటిని రక్షణ పరికరంగా సిఫారసు చేయబోమని అమెరికాలో వృత్తి ఆరోగ్యంపై పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ 1994లోనే ప్రకటించింది. అదృష్టవశాత్తు అది మాత్రం కొనలేదు.

అసలు మెలిక రీఫండ్ దగ్గర ఉంది. "ఫలితం రాకపోతే డబ్బు వాపసు" అన్న హామీ కింద, చిన్న అక్షరాల్లో, 90 శాతం వ్యాయామాలు పూర్తి చేసినవారికే అది వర్తిస్తుందని ఉంది. అంటే ప్లాన్ వల్లే గాయపడి ఆపేసినవాడు ఆ ఆపేసిన కారణానికే అనర్హుడవుతాడు. నాలుగు మెయిళ్లు రాశాక, తరువాతి ప్లాన్ మీద తగ్గింపు కూపన్ ఒకటి పంపి ఊరుకున్నారు.

కాబట్టి డబ్బు కట్టే ముందే ఒక వారం ప్లాన్ నమూనా చూపించమని అడగండి. పని ఎక్కువగా ఉన్న వారంలో సెట్లు ఎలా తగ్గిస్తారో, ఓవర్‌టైమ్ పడిన రోజు వ్యాయామాన్ని ఎటు జరుపుతారో, ఏ నొప్పి వస్తే ఆపమంటారో రాతపూర్వకంగా చెప్పమనండి. "తప్పకుండా చూసుకుంటాం" అన్నది జవాబు కాదు. బలం పెరగాలంటే వారానికి ఐదు రోజులు తప్పదని ఎవరైనా అంటే, పెద్దలకు కండరాల వ్యాయామం వారానికి రెండు రోజులు లేదా అంతకు మించి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పిందని గుర్తుంచుకోండి. నేను ఇప్పుడు రెండు రోజులే చేస్తున్నాను, అందులో బరువైన రోజు సెలవుకు ముందు సాయంత్రం. ఇంకా రెండు మూడు రెప్స్ చేయగలననిపించగానే సెట్ ఆపేస్తాను. ఇంత మందకొడిగా సాగినా పట్టు తిరిగి వచ్చింది, పెట్టెలు జారడం లేదు.

ఇంకొకటి, ప్రకటన పేజీని, షరతులను కొనే రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నా ఫిర్యాదు తరువాత వారి పేజీలో "శారీరక శ్రమ చేసేవారికి ప్రత్యేకం" అన్న మాట మాయమైంది. అది అక్కడ ఉండేదని చూపడానికి నా దగ్గర ఇప్పుడు ఏ ఆధారమూ లేదు.