అక్వేరియం ఫిల్టర్ నీరు పీల్చే మూతికి స్పాంజ్ తొడుగు: కొనొచ్చా?

చిన్న చేపలు, రొయ్య పిల్లలు ఉన్న తొట్టికి ఇది కొనాల్సిందే. ఫిల్టర్‌తో వచ్చే ప్లాస్టిక్ జాలీ గాట్లలో గప్పీ పిల్ల సులువుగా దూరిపోతుంది, బెట్టా చేప తోక చిక్కి చిరుగుతుంది. స్పాంజ్ తొడిగితే అదే నీరు ఎక్కువ వైశాల్యం మీదుగా లోపలికి వెళ్తుంది కాబట్టి ఏ ఒక్క చోటా లాగుడు గట్టిగా ఉండదు.

కొనే ముందు ఫిల్టర్ నీరు పీల్చే గొట్టం బయటి వ్యాసం కొలవండి. 12, 16 మి.మీ. రకాలు మామూలే. రంధ్రం వదులైతే స్పాంజ్ జారిపోతుంది. అడుగు మూసి ఉన్నదే తీసుకోండి. అంగుళానికి 30 రంధ్రాల స్పాంజ్ పిల్లలకు సరిపోతుంది. రంధ్రాలు మరీ సన్నవైతే రెండ్రోజుల్లోనే మూసుకుపోతుంది.

అసలు లోపం అదే, మూసుకుపోవడం. ధార సన్నబడినా, మోటారు గరగరలాడినా కడగాల్సిందే. ముందు మోటారు ఆపండి; నడుస్తుండగా స్పాంజ్ లాగితే పక్కనున్న పిల్ల నేరుగా లోపలికే. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి, కుళాయి నీటి క్లోరిన్ స్పాంజ్‌లో పెరిగి నీటిని శుభ్రపరిచే మంచి బ్యాక్టీరియాను చంపేస్తుంది.

స్పాంజ్‌కు బదులు వాడే స్టీలు జాలీ చూడ్డానికి బాగుంటుంది గానీ, నాచు పడితే బ్రష్‌తో తోముతూ కూర్చోవాలి.