బెంగళూరు వెళ్తున్న మన పిల్లలకి: గది కళ్ళతో చూడకుండా పీజీ అడ్వాన్స్ పంపకండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచి ఈ ఏడాది చదువు ముగించి బెంగళూరులో ఉద్యోగానికి చేరబోతున్న వాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు ఇది పూర్తిగా చదవండి. పీజీ, అంటే నెల అద్దెకి భోజనంతో ఉండే హాస్టల్ లాంటి వసతి, దాని కోసం ఇంటి దగ్గర నుంచే డబ్బు పంపబోతుంటే ఆగండి. మేము ఆగలేదు. రెండు రోజుల్లో 26,000 పంపాం. అందులో అడ్వాన్స్ 16,000 ఇప్పటిదాకా తిరిగి రాలేదు.

మాది బరంపురం. నాన్నకి బడా బజార్‌లో చిన్న బట్టల కొట్టు. నేను పోయిన ఏడాది మా ఊళ్ళోనే ఇంజనీరింగ్ పూర్తి చేశాను, కాలేజీలో ఉండగానే బెంగళూరు కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆఫర్ లెటర్‌లో ఏడాదికి 3,60,000 అని ఉంది. ఇంట్లో అందరం పన్నెండుతో భాగించి, నెలకి 30,000 వస్తుంది కదా, 8,000 పీజీకి పోయినా ఫరవాలేదు అనుకున్నాం. నా లెటర్‌లో ఆ 30,000 ఎలా తరిగిందో చెప్తాను, మీ లెటర్ తీసి పక్కన పెట్టుకుని చూసుకోండి. నెలకి 3,000 వేరియబుల్ పే, అది ఏడాది చివర ఇస్తే ఇస్తారు. కంపెనీ కట్టే పీఎఫ్ (భవిష్య నిధి) 1,800 కూడా ఆ మొత్తంలోనే కలిపి చూపిస్తారు. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే డబ్బు, 600. ఆ తర్వాత నా వాటా పీఎఫ్ ఇంకో 1,800, ఇన్సూరెన్స్ 300. చేతికొచ్చేది 22,500. పైగా నేను చేరింది జూలై 21న. మా కంపెనీలో పదిహేనో తేదీ దాటి చేరిన వాళ్ళకి ఆ నెల జీతం మరుసటి నెలతో కలిపి వేస్తారు. అంటే మొదటి జీతం ఆగస్టు చివర. నలభై రోజులు ఇంటి డబ్బుతోనే బతకాలి. ఆ డబ్బు కోసం అమ్మ తన గొలుసు బ్యాంకులో కుదువపెట్టింది. నేను పోగొట్టుకున్నది ఆ డబ్బే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆన్‌లైన్‌లో ప్రకటన చూశాను. మారతహళ్ళి దగ్గర ఆడపిల్లల పీజీ, ముగ్గురికి ఒక గది, మూడు పూటలా భోజనం, మెట్రోకి ఐదు నిమిషాలు, నెలకి 8,000. ఫొటోలో పెద్ద కిటికీ, కిటికీ కింద ఒక ఎర్ర బకెట్, పసుపు దుప్పటి వేసిన మంచం. ఫోన్ చేస్తే ఒకాయన హిందీలో మొదలుపెట్టి, నా మాట వినగానే తెలుగులోకి వచ్చేశాడు.

"మీదే ఊరమ్మా?"

"బరంపురం అండి, ఒడిశా."

"అరె, మా అత్తగారిది ఇచ్ఛాపురమే తల్లీ! మీ పక్కనే కదా. నాన్నగారికి ఇవ్వు ఫోన్."

బరంపురానికి ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లు. మా చుట్టాలు సగం మంది అటువైపే. నాన్న ఫోన్ తీసుకోగానే "బాబాయ్ గారూ, మీ అమ్మాయంటే మా చెల్లి లాంటిది, నేను చూసుకుంటాను" అన్నాడు. అక్కడితో నాన్నకి టెన్షన్ పోయింది. "మనవాళ్ళేనే" అని అమ్మతో చెప్పారు. మనం బడిలో ఒడియా చదువుకుని ఇంట్లో తెలుగు మాట్లాడుకునే వాళ్ళం. బయటి ఊళ్ళో ఎవరైనా తెలుగులో పలకరిస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ ఒక్క సంగతి పట్టుకునే ఆయన మమ్మల్ని నమ్మించాడు. తర్వాత తెలిసింది, మా గదిలో ఉన్న కడప అమ్మాయికి ఆయన అత్తగారిది ప్రొద్దుటూరు అని చెప్పాడట.

టోకెన్ 2,000 ఆ రాత్రికే వేయాలన్నాడు, లేకపోతే ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తానన్నాడు. వేశాం. మర్నాడు రెండు నెలల అడ్వాన్స్ 16,000, మొదటి నెల అద్దె 8,000 అడిగాడు. అవీ వేశాం. డబ్బు వెళ్ళేటప్పుడు తెర మీద కనిపించిన ఖాతాదారు పేరు వేరు, ఆయన మాతో చెప్పుకున్న పేరు వేరు. నాన్న అడిగితే "మా బావమరిది ఖాతా" అన్నాడు. రసీదు అడిగితే "వచ్చాక ఇస్తాను బాబాయ్" అన్నాడు. మేము వెనక్కి తగ్గాల్సిన చోట్లు ఈ రెండూ.

ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో నాన్న, నేను వచ్చాం. అమ్మ కట్టిచ్చిన అప్పడాలు, ఊరగాయ డబ్బాలతో రెండు సంచులు బరువు. పీజీకి వెళ్తే కింద వార్డెన్ "మగవాళ్ళు పైకి రాకూడదు" అంది. ఆడపిల్లల పీజీ కాబట్టి అది సరైన నియమమే. కానీ దాని వల్ల డబ్బు కట్టిన నాన్న ఆ గదిని ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు, నేను ఒక్కదాన్నే పైకి వెళ్ళాను. ఒక హాలుని ప్లైవుడ్‌తో అడ్డంగా కోసి రెండు గదులు చేశారు. నాలుగు మంచాలు, కిటికీ లేదు. ఫొటోలో గది ఏదని అడిగితే "అది నిండిపోయింది, ఒక వారం అడ్జస్ట్ అవ్వు" అంది వార్డెన్. కిందికి దిగి వచ్చాను. నాన్న "బాగుందామ్మా?" అన్నారు. ఆయనకి మర్నాడే తిరుగు రైలు, చేతిలో ఇంకో చోట కట్టడానికి డబ్బు లేదు. బాగుందని చెప్పాను. ఆ అబద్ధం చెప్పకుండా అప్పుడే గట్టిగా అడిగి ఉంటే మొదటి రోజే కనీసం సగమైనా తిరిగి రాబట్టేవాళ్ళమేమో. పిల్లలూ, అమ్మానాన్నలు బాధపడతారని ఆ క్షణంలో దాచకండి.

ఆ సాయంత్రమే రెండు పేజీల కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. చదవబోతే "అందరికీ ఇదే తల్లీ, ఫార్మాలిటీ" అన్నాడు ఓనర్, ఫోన్‌లో మాట్లాడినాయనే. అందులో ఏముందో నాకు తెలిసింది నవంబర్‌లో, ఖాళీ చేసేటప్పుడు.

వారం అన్నది మూడు నెలలైంది. ఆ గది 12 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, నలుగురం. మనిషికి 42 చదరపు అడుగులు. బెంగళూరు నగరపాలిక 2024 ఆగస్టులో పీజీలకు నియమాలు పెట్టింది: మనిషికి కనీసం 70 చదరపు అడుగులు, రోజుకి 135 లీటర్ల నీళ్ళు, సీసీ కెమెరాలు, రాత్రీపగలూ కాపలా, వంటగదికి ఆహార భద్రత లైసెన్సు. ఇవి మీరు అడగొచ్చు. ట్రేడ్ లైసెన్సు, అంటే నగరపాలిక ఇచ్చే వ్యాపార అనుమతి, చూపించమని కూడా అడగొచ్చు. నేను అడిగితే ఓనర్ నవ్వి ఊరుకున్నాడు. మెట్రో ఐదు నిమిషాలు అన్నది కూడా అబద్ధమే, కుందలహళ్ళి స్టేషన్‌కి ఆటో ఎక్కాల్సిందే. భోజనం గురించి ఎక్కువ రాయను. శని, ఆదివారాలు మధ్యాహ్నం వండరు, ఆ సంగతి ప్రకటనలో లేదు. ఆ రెండు పూటలకి బయట తిన్నది లెక్కేస్తే నెలకి వెయ్యి దాటింది. కరెంటుకి 500 వేరే. మూడో నెలలో జీఎస్టీ అని 960 అడిగాడు. జీఎస్టీ నంబర్ వేసి బిల్లు ఇమ్మన్నాను, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మీకూ ఎవరైనా అడిగితే ఈ సంగతి గుర్తు పెట్టుకోండి: మనిషికి నెలకి 20,000 లోపు అద్దె, కనీసం 90 రోజులు వరసగా ఉంటే, 2024 జూలై నుంచి ఆ వసతికి జీఎస్టీ మినహాయింపు ఉంది.

ఖర్చు విషయంలో ఇంకొకటి. కర్ణాటకలో ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా, ఆఫీసు ఖర్చు ఉండదు అని మా ఇంట్లో లెక్క వేసుకున్నాం. 2023 జూన్‌లో మొదలైన ఆ శక్తి పథకం కర్ణాటక చిరునామా ఉన్న ఆడవాళ్ళకే. మన ఆధార్‌లో ఒడిశా అని ఉంటే టికెట్ తీసుకోవాల్సిందే. బస్సులో కండక్టర్ చెప్పేదాకా నాకు తెలియదు. నెల పాస్ ఖర్చు మీ లెక్కలో ముందే రాసుకోండి.

అక్టోబర్ 6న ఖాళీ చేస్తానని చెప్పాను. ఆఫీసులో స్నేహితురాలి ద్వారా, వెళ్ళి చూసి, వేరే చోటు కుదుర్చుకున్నాను. నోటీస్ ఒక నెల అని నాకు తెలుసు, నవంబర్ 6కి అయిపోతుంది అనుకున్నాను. తీరా నవంబర్‌లో ఖాళీ చేయబోతే, చేరిన రోజు నేను సంతకం పెట్టిన ఆ కాగితం తీశాడు. నోటీస్ ఏ రోజు ఇచ్చినా మరుసటి నెల ఒకటో తేదీ నుంచే లెక్క, కాబట్టి నవంబర్ పూర్తి అద్దె 8,000. ఆరు నెలల లోపు ఖాళీ చేస్తే ఇంకో నెల అద్దె కోత, మరో 8,000. అడ్వాన్స్ సున్నా. ఇవి చాలక పెయింటింగ్, మెయింటెనెన్స్ కింద నేనే 3,000 ఇవ్వాలన్నాడు. అద్దెలో సర్దుతానన్న 2,000 టోకెన్ బుకింగ్ ఛార్జీ అయిపోయింది. "మీ అత్తగారి ఊరి వాళ్ళం కదా అన్నా" అన్నాను. "ఊరు వేరు, వ్యాపారం వేరు" అన్నాడు. సామాను బయటికి తీసుకోనివ్వనని బెదిరించాడు. ఆఫీసు వాళ్ళు నలుగురు వచ్చి నిలబడితే వదిలాడు. 3,000 మాత్రం ఇవ్వలేదు నేను.

ఇప్పుడు ఏం చేశామో చెప్తాను, మీలో ఎవరైనా ఇప్పటికే చిక్కుకుని ఉంటే పనికొస్తుంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. దాని తర్వాత ఓనర్ ఫోన్ చేసి 4,000 ఇస్తాను, ఫిర్యాదు వెనక్కి తీసుకో అన్నాడు. ఒప్పుకోలేదు. తర్వాత పోస్ట్‌లో నోటీసు పంపాం. ఇప్పుడు నాన్న పేరుతో వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం, అదీ బరంపురంలోనే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదు చేసే మనిషి తాను నివసించే చోటే కేసు వేసుకోవచ్చు. డబ్బు వెళ్ళింది నాన్న ఖాతా నుంచి, ఆయన ఉండేది బరంపురంలో. ఇందుకోసం బెంగళూరులో లాయర్‌ని పెట్టుకుని తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, సొంతంగా వాదించుకోవచ్చు, గొడవ జరిగిన రెండేళ్ళ లోపు వేయాలి. కేసు నడుస్తోంది కాబట్టి పీజీ పేరు ఇక్కడ రాయడం లేదు.

మా దగ్గర గట్టిగా ఉన్న ఆధారాలు రెండే: చెల్లింపు వివరాలు, ప్రకటన స్క్రీన్‌షాట్. చేరిన రోజు గది వీడియో తీసి ఉంటే ఇంకా బలంగా ఉండేది. ఫోన్‌లో ఆయన చెప్పిన తీపి మాటలు ఒక్కటీ కాగితం మీద లేవు. మీరు చెల్లించేటప్పుడు నోట్‌లో "తిరిగి ఇవ్వాల్సిన అడ్వాన్స్" అని రాయండి. ఆయన ఒప్పుకున్నవన్నీ, గదిలో ఎంతమంది, నోటీస్ ఎప్పటి నుంచి లెక్క, ఎంత కోస్తారు అన్నవి, వాట్సాప్‌లో మెసేజ్‌గా అడిగి జవాబు తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్తాను అంటే ఆ చోటు వద్దు.

అన్నిటికన్నా ముందు, మొదటి నాలుగైదు రోజులకి రోజు అద్దె గదిలో దిగండి. ఖర్చు ఎక్కువ అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి, ఆ మూడు నాలుగు వేలు మిగుల్చుకుందామనే ముందుగా బుక్ చేశాను. ఆ రోజుల్లో ఆఫీసుకి నడిచి వెళ్ళగలిగే చోట నాలుగు పీజీలు చూడండి. సాయంత్రం ఎనిమిదికి వెళ్ళండి, అందరూ గదుల్లో ఉంటారు. అక్కడ ఉండే అమ్మాయిల్ని ఒక్కటే అడగండి, ఇంతకుముందు ఖాళీ చేసిన వాళ్ళకి అడ్వాన్స్ తిరిగి ఇచ్చాడా అని. వార్డెన్ లేనప్పుడు అడగండి. ఇప్పుడు నేనున్న చోటు అలా దొరికిందే. నెలకి 8,500, ఒక నెల అడ్వాన్స్, ఇద్దరం, కిటికీ ఉంది. పీజీకి, అమ్మ గొలుసు అప్పుకి పంపే 5,000కి పోగా 9,000 మిగులుతుంది. బస్సు పాస్, ఫోన్, పైఖర్చులు అందులోనే. కష్టమే, కానీ రాత్రి నిద్ర పడుతోంది.

మొన్న ఆదివారం మా కాలేజీ జూనియర్ ఒకమ్మాయి, పర్లాకిమిడి అమ్మాయి, "అక్కా, ఈ పీజీ ఎలా ఉందో చెప్పు, టోకెన్ అడుగుతున్నారు" అని ఫొటో పంపింది. పేరు కొత్తది, ఫోన్ నంబర్ కొత్తది, అద్దె 7,999. ఫొటోలో మాత్రం అదే పెద్ద కిటికీ, పసుపు దుప్పటి, కింద ఎర్ర బకెట్. ఆ ఫొటో మీకు కనిపిస్తే టోకెన్ వేయకండి, ఆయన అత్తగారిది ఏ ఊరైనా సరే.