ఫిట్జ్‌సైమన్స్ మెమోరియల్ ఫౌంటెన్, కాన్సస్ సిటీ: మార్చిలో మాత్రం వెళ్ళకండి

నేను వెళ్ళింది మార్చి నెలాఖరులో. తొట్టిలో చుక్క నీరు లేదు. ఈ ఊళ్ళో ఫౌంటెన్లకి ఏప్రిల్ మధ్యలో నీళ్ళు వదిలి, అక్టోబరులో కట్టేస్తారట. చలికాలం పైపుల్లో నీళ్ళు గడ్డకడితే పగిలిపోతాయి మరి. మావాడు ఏడేళ్ళుగా పక్కనే ఉన్న ఓవర్‌ల్యాండ్ పార్క్ అనే ఊళ్ళో ఉంటున్నాడు, వాడికీ ఈ సంగతి తెలీదు. "ఫొటోలకైతే గుర్రాల ఫౌంటెన్ బాగుంటుంది నాన్నా, అటు పోదాం" అన్నాడు. కాన్సస్ సిటీ అంటేనే ఫౌంటెన్ల ఊరు, రెండొందలకి పైగా ఉన్నాయి. వాటిలో దీన్నే చూపించమని పట్టుబట్టింది నేనే.

మాది మిలట్రీ మాధవరం. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా పద్దెనిమిదేళ్ళు చేశాను. మిలట్రీ డాక్టరు పేరున ఫౌంటెన్ ఉందని తెలిశాక ఆగుతానా?

అడ్రసు తేలికే: పసేయో బులెవార్డు, 12వ వీధి. టికెట్ లేదు, క్యూ లేదు. మేమున్న అరగంటలో మా ముగ్గురం తప్ప ఒక్కరూ ఆగలేదు. సున్నపురాయి కట్టడం, 1922 నాటిది. తొట్టి అడుగున నిరుటి ఆకులు నానీ నానీ నల్లగా అతుక్కుపోయాయి. వాటి మధ్య ఒక కాఫీ కప్పు మూత. మనవడు రాయి మీద చెయ్యి పెట్టి "చల్లగా ఉంది తాతయ్యా" అని వెంటనే తీసేశాడు. ఎవరి ఫౌంటెన్ అని అడిగితే అక్కడే నిలబడి చెప్పాను.

విలియం ఫిట్జ్‌సైమన్స్ కాన్సస్ రాష్ట్రంలో పుట్టి, అక్కడి యూనివర్సిటీలోనే వైద్యం చదివాడు. ఫ్రాన్స్ తీరంలో కామియే దగ్గర బేస్ హాస్పిటల్ నంబర్ 5లో లెఫ్టినెంటు. 1917 సెప్టెంబరు 4 రాత్రి జర్మన్ విమానం ఆ గుడారాల ఆసుపత్రి మీద బాంబులు వేసింది. అప్పటికి అతనికి 28 ఏళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువు చేతిలో చనిపోయిన తొలి అమెరికన్ ఆఫీసరు అతనే. డెన్వర్ పక్కన పెద్ద ఆర్మీ ఆసుపత్రికి కూడా అతని పేరే పెట్టారు. 1955లో గుండెపోటు వచ్చినప్పుడు అప్పటి అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌ని ఉంచింది అందులోనే.

'ఆఫీసరు' అన్న మాట దగ్గరే నాకు కాస్త గుచ్చుకుంది. ఆ రాత్రే అదే ఆసుపత్రిలో ముగ్గురు సిపాయిలు కూడా పోయారు: ఆస్కర్ టూగో, రుడాల్ఫ్ రుబీనో, లెస్లీ వుడ్స్. టూగో పేరున బాస్టన్‌లో ఒక కూడలి ఉంది. మిగతా ఇద్దరి పేర్లు ఎంతమందికి తెలుసు? నేను పనిచేసిన చోట డాక్టరు సాబ్ రౌండు అయిపోయి వెళ్ళాక కూడా రాత్రంతా పేషెంట్ల మధ్య ఉండేది మేమే. డ్రిప్ సీసాలు మార్చేదీ, స్ట్రెచర్ మోసేదీ మేమే. డాక్టరు మీద కోపం కాదు, ఆయనా ఆ గుడారాల్లోనే పోయాడు. అయినా మనవడికి చెప్పేటప్పుడు నాలుగు పేర్లూ చెప్పాను. వాడు 'రుబీనో' ఒక్కటే గుర్తుపెట్టుకున్నాడు, పలకడానికి బాగుందని.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం మ్యూజియంకి తీసుకెళ్ళాడు మావాడు. అది ఇదే ఊళ్ళో ఉంది, పూర్తిగా వేరే స్థాయి. లోపలికి వెళ్ళే గాజు వంతెన కింద తొమ్మిది వేల ఎర్ర గసగసాల పూలు, ఒక్కో పువ్వు వెయ్యిమంది సైనికుల చావుకి గుర్తు. చూడాల్సిందే. కానీ రెండూ ఒకే రోజు పెట్టుకుంటే ముందు ఫౌంటెన్ దగ్గరికే వెళ్ళండి. మ్యూజియం చూశాక ఇది కంటికి ఆనదు.

అయిదుకి మూడున్నర ఇస్తాను. ఒక మార్కు నీళ్ళు లేనందుకు తగ్గించాను, అది నా తప్పే అని మావాడంటున్నాడు. కూర్చోడానికి చోటు సరిగ్గా కుదరలేదని ఇంకో అర. నా తిరుగు టికెట్ ఏప్రిల్ 28న. ఆలోపు ఒక శనివారం ఖాళీ చేసుకోమని వాడికి చెప్పి ఉంచాను.