అడ్మిషన్ వరకూ సూపర్, వీసా రిజెక్ట్ అయ్యాక ఫోన్ ఎత్తరు: అమీర్‌పేటలో ఒక ఆస్ట్రేలియా కన్సల్టెన్సీ (2/5)

మా తమ్ముడి ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసా, అంటే సబ్‌క్లాస్ 500, మొత్తం వీళ్ళకే అప్పజెప్పాం. పేరు రాయట్లేదు.

ముందు మంచి చెప్తా. ఆఫర్ లెటర్, సీఓఈ (సీటు ఖాయమైందని కాలేజీ ఇచ్చే కాగితం), హెల్త్ ఇన్సూరెన్స్, మెడికల్స్ అన్నీ టైముకి అయ్యాయి, కౌంటర్లో అమ్మాయి ఎన్నిసార్లు అడిగినా విసుక్కోలేదు. రెండు స్టార్లూ అందుకే.

అసలు గొడవ స్టేట్‌మెంట్ దగ్గర. పాత జీటీఈ రూల్, అదే "తాత్కాలికంగానే ఉంటాను" అని నమ్మించాల్సిన రూల్, 2024 మార్చి 23న తీసేసి జెన్యూన్ స్టూడెంట్ అని పెట్టారు. ఇప్పుడు అప్లికేషన్‌లోనే ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 150 పదాలు మించకూడదు: ఇక్కడ నీ పరిస్థితి ఏంటి, ఈ కోర్సు ఎందుకు, ఆ కాలేజీయే ఎందుకు, చదివితే నీకేం ఒరుగుతుంది అని. వీళ్ళేమో ఎప్పటిదో రెండు పేజీల ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసే వ్యాసం) తీసి, "చదువవగానే తప్పక ఇండియా వచ్చేస్తాను, మాకు పొలం ఉంది, ఇల్లు ఉంది" అన్న లైన్లని ముక్కలు చేసి ఆ బాక్సుల్లో పేస్ట్ చేశారు. తమ్ముడు బీటెక్ సివిల్, ఒక కాంట్రాక్టర్ దగ్గర బిల్లింగ్ చూస్తాడు, కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ చదువుతానన్నాడు. "బిజినెస్ అనలిటిక్స్ అయితే అడ్మిషన్ ఫాస్ట్‌గా వస్తుంది బ్రో" అని అటు తిప్పింది వీళ్ళే (కాలేజీలు ఏజెంట్లకి కమిషన్ ఇస్తాయని గుర్తుంచుకోండి). తిప్పారు సరే, సివిల్ నుంచి అనలిటిక్స్‌కి ఎందుకు వెళ్తున్నాడో ఒక్క వాక్యమన్నా రాయాలి కదా, సైట్ జాబ్ సంగతే ఎత్తలేదు. రిజెక్షన్ లెటర్లో క్లాజ్ 500.212, అంటే ఈ జెన్యూన్ స్టూడెంట్ రూల్ కిందే, అదే పట్టుకున్నారు: కోర్సుకీ చదువుకీ సంబంధం చెప్పలేదు, జవాబులు ఎవరికైనా సరిపోయేలా ఉన్నాయి అని. ఆ ఆఫీసర్‌ని నేనైతే తప్పుపట్టలేను.

ఆ లెటర్ కూడా వెంటనే మాకు చేరలేదు, ఇమ్మీఅకౌంట్, అంటే వీసా అప్లై చేసే ఆన్‌లైన్ అకౌంట్, కన్సల్టెన్సీ వాళ్ళ మెయిల్ ఐడీతో తెరిచారు మరి. గట్టిగా అడిగితే పంపి, "టెన్షన్ పడకండి ఆంటీ, ఏఏటీలో అప్పీల్ వేద్దాం, ఫీజు వేరే అవుతుంది" అని అమ్మకి చెప్పారు. ఏఏటీ అంటే వీసా రిజెక్షన్ల మీద అప్పీళ్ళు వినే అక్కడి ట్రిబ్యునల్, అది 2024 అక్టోబర్ 14నే పోయింది, దాని స్థానంలో ఏఆర్‌టీ వచ్చింది. అది వదిలేయండి, ఇండియాలో కూర్చుని అప్లై చేసినవాళ్ళకి స్టూడెంట్ వీసా రిజెక్ట్ అయితే మామూలుగా ఆ రివ్యూ హక్కే ఉండదు, అక్కడ ఉండి అప్లై చేసినవాళ్ళకి ఉంటుంది. లెటర్ చివర్లోనే రాసి ఉంటుంది, చదవండి. ఇక్కడి నుంచైతే మామూలుగా ఉండే దారి, వాళ్ళు ఎత్తి చూపిన ప్రతి కారణానికీ కాగితంతో జవాబిస్తూ మళ్ళీ అప్లై చేయడం. 2025 జులై నుంచి వీసా ఫీజు 2,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, రిజెక్ట్ అయితే తిరిగి రాదు, మళ్ళీ కట్టాల్సిందే. పాత రిజెక్షన్ దాచొద్దు. ఫండ్స్ మేమే చూపిస్తాం, పర్సెంటేజ్ ఇవ్వండి అని ఇదే ఆఫీసులో ఒకాయన మెల్లగా అన్నాడు. దొంగ పేపర్లు బయటపడితే పీఐసీ 4020 అనే వీసా రూల్ కింద మూడేళ్ళు వీసా రాకుండా పోవచ్చు, ఆ మాట మాత్రం ఆయన నోట రాలేదు.

ఇంకోటి, కాలేజీకి కట్టిన ట్యూషన్ ఫీజు. వీసా రాకపోతే 5 శాతం లేదా 500 డాలర్లు, ఏది తక్కువైతే అది పట్టుకుని మిగతాది ఇచ్చేయాలని అక్కడి చట్టం. వీళ్ళు ఈ ముక్క చెప్పనేలేదు, మేమే కాలేజీకి మెయిల్ పెట్టి తెచ్చుకున్నాం.

ఎక్కడికెళ్ళినా ముందు ఎంఏఆర్ఎన్, అంటే ఆస్ట్రేలియాలో రిజిస్టరైన మైగ్రేషన్ ఏజెంట్ నంబర్, ఉందా అని అడగండి. ఇక్కడి ఎడ్యుకేషన్ ఏజెంట్లకి అది తప్పనిసరి కాదు, కానీ ఉందంటే ఆ ఏజెంట్లని రిజిస్టర్ చేసే ఓమారా ఆఫీసు సైట్లో పేరు కొట్టి చూసుకోవచ్చు. అకౌంట్ మీ మెయిల్‌తోనే తెరవండి, సబ్మిట్ కొట్టకముందు ప్రతి బాక్సూ మీరే చదవండి.

తమ్ముడు ఈసారి కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌కే, జవాబులు తనే రాసుకుంటున్నాడు. కన్సల్టెన్సీ వాళ్ళ ప్రాసెసింగ్ ఫీజు ఇంకా రాలేదు, రసీదు వెనకాల నాన్ రిఫండబుల్ అని సన్న అక్షరాల్లో ఉందట. సగమైనా వెనక్కిస్తే ఇంకో స్టార్ కలుపుతా.