రెండు వేసవులు వాడాక కోల్డ్ బ్రూ సీసా గురించి

మా ఇంట్లో కాఫీ చల్లారిందంటే తిరిగి పొయ్యి మీదికి వెళ్లాల్సిందే. అలాంటి ఇంట్లో కోల్డ్ బ్రూ అంటూ కాఫీ పొడిని రాత్రి చన్నీళ్లలో వేసి మర్నాడు తాగుతానంటే అమ్మ వింతగా చూసింది. "పెసలు నానబోసినట్టా?" అని అడిగింది. అవును, పని సరిగ్గా అంతే. విజయనగరం ఉక్కపోతలో రెండు వేసవులుగా చేస్తున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

నేను కొన్నది లీటరు గాజు సీసా. మధ్యలో సన్నని కన్నాల ఉక్కు గొట్టం, పైన రబ్బరు వలయం ఉన్న మూత. పొడిని గొట్టంలో పోసి సీసాను నీళ్లతో నింపి ఫ్రిజ్‌లో పెట్టడమే. మొదటిసారి ఇంట్లో ఉన్న ఫిల్టర్ పొడినే వేశాను. చికోరీ అనే వేయించిన వేరు పొడి కలిపిన మెత్తటి పొడి అది. మర్నాటికి సీసాలో ఉన్నది కాఫీ కాదు, కషాయం. అడుగున వేలెడు మడ్డి. చికోరీ చన్నీళ్లలోనూ సులువుగా దిగిపోయి రంగు, చేదు ముందే ఇచ్చేస్తుంది, కాఫీ రుచి వెనకబడుతుంది. సీసాను తిట్టుకున్నాను గానీ తప్పు పొడిది.

ఆ తర్వాత ఎస్.కోట మీదుగా అరకు వెళ్లినప్పుడు వేయించిన గింజలు తెచ్చుకున్నాను. అరకు లోయ అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఆ చెట్లకే మిరియాల తీగలు అల్లుకున్న తోటల్లో పెరిగే కాఫీ అది. పొరుగు కొండల పంట ఉండగా డబ్బా పొడి కోసం వెతకడం ఎందుకనిపించింది.

గింజలు బాగున్నాయి, మిక్సీ బాగులేదు. సగం పిండి, సగం పలుకులు. చివరికి రవ్వ జల్లెడతో జల్లించాను. జల్లెడలో నిలిచిన, బొంబాయి రవ్వంత పలుకు కోల్డ్ బ్రూకి. కిందికి రాలిన మెత్తటిది పొద్దుటి ఫిల్టర్‌కి. ఈ ఒక్క పనితో మడ్డి ముప్పాతిక వంతు తగ్గింది. చేతితో తిప్పే కాఫీ మర తర్వాత కొన్నాను గానీ, అది లేకపోయినా నష్టం లేదు.

సీసాలో నాకు నచ్చనిది ఆ గొట్టమే. పొడి ఉబ్బి బిగుసుకుపోతుంది, నడిమి భాగం దాకా నీళ్లు చేరవు. ఒకసారి విప్పి చూస్తే మధ్యలో పొడి పొడిగానే ఉంది! కన్నాల్లో ఇరుక్కున్నది కడగడానికి పాత పళ్ల బ్రష్షు ఒకటి కేటాయించాల్సి వచ్చింది. ఆరు నెలలకు రబ్బరు వలయానికి పాత కాఫీ వాసన పట్టేసింది, ఎంత ఉతికినా పోలేదు.

అందుకే ఇప్పుడు సీసానే పక్కన పెట్టేశాను. వంద గ్రాముల పలుకుకి ఎనిమిది వందల మిల్లీలీటర్ల నీళ్లు, స్టీలు గిన్నెలో, గరిటెతో బాగా కలిపి మూత పెట్టి ఫ్రిజ్‌లో పదహారు గంటలు. తర్వాత నాన్న పాత పంచె ముక్కలో వడకట్టడం. పిండకూడదు, పిండితే మడ్డి వస్తుంది. పొడి తాగేసేది పోగా ఆరు వందల మిల్లీలీటర్ల దాకా చేతికొస్తుంది. ఒక మే నెలలో బద్ధకించి గిన్నెను రాత్రంతా గట్టు మీదే వదిలేశాను. ఉదయానికి పులిసిన వాసన, మొత్తం పారబోశాను. ఇంకోసారి మరిచిపోయి ముప్పై గంటలు ఉంచితే కట్టె చేదు.

రుచి మాటకొస్తే, పులుపు, ఘాటు తక్కువ, గొంతులో మెత్తగా దిగుతుంది. వేడినీళ్లు లాగేసినంత వేగంగా చన్నీళ్లు అన్నింటినీ లాగలేకపోవడమే కారణం. అదే లోటు కూడా. ఫిల్టర్ మూత తీయగానే ఇల్లంతా పరుచుకునే ఆ పరిమళం ఇందులో లేదు. డికాక్షన్ లాగే సమానంగా నీళ్లు గాని పాలు గాని కలుపుకోవాలి. పంచదార చల్లటి దాంట్లో త్వరగా కరగదు, బెల్లం పాకం కాచి పెట్టుకుంటే హాయి. మెత్తగా ఉంది కదా అని ఒక రాత్రి ఏడింటికి రెండు గ్లాసులు కలపకుండా తాగి, మూడింటి దాకా పైకప్పు చూస్తూ పడుకున్నాను.

పొద్దుటి కాఫీ స్థానం మాత్రం దీనికి ఇవ్వను. మధ్యాహ్నం రెండింటికి, ఫ్యాను కూడా వేడిగాలే విసిరే వేళకి, దీనికి పోటీ లేదు. కొనాలనుకునే వారు సీసా డబ్బులతో మంచి గింజలు కొనుక్కోండి. నా సీసాలో అమ్మ చింతపండు పోసుకుంది, రబ్బరు వలయం పారేసి.