గది కన్నా ముందు కుంట చూడాలి: బెంగళూరు దగ్గర రెండు చేపల విడుదులు

మొన్న శీతాకాలంలో మా బావమరిదినీ పదేళ్ల మా అబ్బాయినీ వెంటబెట్టుకుని, గాలం వేసుకోనిచ్చే రెండు పొలం విడుదులకు బెంగళూరు నుంచి వెళ్లివచ్చాను. ఒకటి కనకపుర రోడ్డులో ఉంది, రెండోది మాగడి దాటిన తరువాత వస్తుంది.

మొదటి చోట గదికి రాత్రికి 4,500 రూపాయలు తీసుకున్నారు. గది శుభ్రంగా ఉంది, రాగిముద్ద, నాటుకోడి పులుసు కడుపునిండా పెట్టారు. కుంటలో మాత్రం ఎన్నిసార్లు ఎర వేసినా జిలేబి (తిలాపియా) చేపే పడింది, అదీ అరచేతి కన్నా చిన్నది. గంటలో ఇరవైకి పైగా పట్టిన అబ్బాయి సంబరం చూసి నేనూ మురిశాను గానీ, ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూసేసరికి మనసు చివుక్కుమంది. తల, కళ్లు పెద్దవిగా ఉండి, ఒళ్లు మాత్రం ఎండిన ఆకులా పలచబడిపోయింది. ఇంకొకదాన్ని ఒడ్డుకు లాగగానే దాని నోట్లోంచి పసుపుపచ్చని గుడ్లు బురదలో రాలాయి. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ జాతిలో తల్లి గుడ్లనూ పిల్లలనూ నోట్లోనే దాచుకుని కాపాడుతుంది, రెండు మూడు నెలల వయసుకే ఈనడం మొదలుపెడుతుంది. అందువల్ల పట్టి తీసేవాళ్లు లేని కుంటలో తిండి చాలక అన్నీ గిడసబారిపోతాయి. పట్టిన ప్రతి చేపనూ తిరిగి వదలాలన్న అక్కడి నియమం దయతో పెట్టిందే అయినా, ఆ కుంటకు మేలు చేయడం లేదు.

అమెరికాలోని జార్జియాలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఇదే సంగతి బ్లూగిల్ చేపల విషయంలో చూశాను. అక్కడివాళ్లు వాటిని బ్రిమ్ అని పిలుస్తారు. గుంపుగా చేరి, ఒడ్డు దగ్గర లోతులేని నీటిలో పళ్లేల వంటి గూళ్లు చేసుకుంటాయి, గూటికి మగచేప కాపలా ఉంటుంది. వాటి పిల్లలను తినడానికి అదే కుంటలో లార్జ్‌మౌత్ బాస్ అనే వేటచేపను పెంచుతారు. బాస్‌ను అతిగా పట్టేస్తే బ్లూగిల్ చేపలు మరీ ఎక్కువైపోయి, తిండి చాలక ఎదగకుండా ఉండిపోతాయి.

మాగడి వైపు విడిదిలో బాస్ చేసే పనిని కొర్రమీను చేస్తోంది. కుంట చూసుకునే మదనపల్లె ఆయన, "కొర్రమీను లేకుంటే జిలేబి ఇంక దేన్నీ బతకనీదు సార్" అంటూ మోచేతి దాకా చెయ్యి నీళ్లలో ముంచి చూపించాడు. మోచెయ్యి మునిగేదాకా అరచెయ్యి కనబడితే నీటి పచ్చదనం అదుపులో ఉన్నట్టట, ముందే కనబడకుండా పోతే తెల్లవారుజామున చేపలకు ఊపిరాడదట. జానెడు లోపు జిలేబిని అతిథులు పట్టుకెళ్లవచ్చు, కొర్రమీను పడితే వదిలేయాలి. ఆ ఉదయం మాకు పడినవి ఐదే చేపలు. వాటిలో గోధుమపిండి ముద్దకు చిక్కిన శీలావతి కిలోన్నర తూగింది.

అక్కడ గది 1,800 రూపాయలే గానీ, వేడినీళ్లు ఏడు గంటలకే అయిపోయాయి, చివరి రెండు కిలోమీటర్ల దారి గుంతలమయం. రాత్రి భోజనం కావాలంటే మధ్యాహ్నంలోగా చెప్పాలి. వాళ్లిచ్చే గాలాలు జిలేబి నోటికి మరీ పెద్దవి కావడంతో ఎర పోవడమే తప్ప చేప పడదు. ఫిబ్రవరికి మళ్లీ గది అడిగి ఉంచాను. ఈసారి చిన్న గాలాలూ బెండ్లూ ఇక్కడే కొనుక్కుని వెళతాము.