హాల్లో బాటిల్ గ్రీన్ వేయించాం: రంగు, కొట్టు, మేస్త్రి... మూడింటికీ నా మార్కులు

రంగుకి ఐదుకి నాలుగు. కలిపిచ్చిన కొట్టుకి ఐదుకి ఐదు. మేస్త్రికి నాలుగున్నర, ఆ అర ఎందుకు కోశానో కింద చెప్తా. కొట్టు పేరు మాత్రం అడక్కండి, రాస్తే ఇది యాడ్ అనేస్తారు, విజయవాడ వన్ టౌన్‌లో ఒక పాత కొట్టు అనుకోండి చాలు.

మాది పటమటలో పాత అపార్ట్‌మెంటు. హాల్లో దివాన్ వేసిన గోడ, 12 అడుగుల పొడుగు 10 అడుగుల ఎత్తు, దానికొక్కదానికే ముదురు ఆకుపచ్చ, మిగతా మూడూ ఐవరీ. నాలుగు గోడలకీ వేసేద్దాం అని మా ఆయన ఇన్‌స్టా చూసి ఒకటే గోల, కానీ ఆ ఫొటోల్లో ఇళ్ళకి నేల నుంచి పైదాకా అద్దాలే ఉంటాయి, మనకేమో గ్రిల్లు, దానికి దోమల మెష్, దాని మీద కర్టెను, ఇంక లోపలికి వచ్చే వెలుగెంత? అత్తయ్యగారైతే షేడ్ కార్డ్ చూడగానే "స్కూల్లో బోర్డు రంగు కదే ఇది" అని తీసి పారేశారు. ఇప్పుడు చుట్టాలు ఎవరొచ్చినా ఆ గోడ ముందు కూర్చుని ఫొటో దిగేది ఆవిడే, అది వేరే సంగతి.

ముందు ఒక ఆన్‌లైన్ పెయింటింగ్ సర్వీస్ వాళ్ళని పిలిచాం. కుర్రాడు లేజర్‌తో కొలిచాడు, ట్యాబ్‌లో గోడ ఫొటో తీసి రంగు మార్చి చూపించాడు, హడావుడి బాగుంది. "తెల్ల ప్రైమర్ మీద రెండు కోట్లు, అయిపోద్ది మేడమ్" అన్నాడు. ప్రైమర్ అంటే రంగుకి ముందు గోడకి వేసే అడుగు పూత, కోటు అంటే రంగు ఒక పూత. మూడో కోటు పడితే ఖర్చు ఎవరిది అంటే అప్పుడు చూద్దాం మేడమ్ అన్నాడు. అప్పుడు చూద్దాం అంటే ఏంటో మనకి తెలీదా, కాఫీ ఇచ్చి పంపించేశాం.

కొట్టాయన అలా కాదు. షేడ్ నంబర్ చెప్పగానే డబ్బా తీయలేదు, "కింద ఏ రంగుందమ్మా?" అని అడిగాడు. క్రీమ్ అన్నాను. అప్పుడు చెప్పాడు, లేత రంగులకి వాడే బేస్ వేరు, ముదురు రంగుల బేస్ వేరు అంట, బేస్ అంటే రంగు కలపక ముందు డబ్బాలో ఉండే పెయింటు. లేత వాటి బేస్‌లో తెల్ల పిగ్మెంటు, అదే టైటానియం డయాక్సైడ్, దండిగా ఉంటది, పాత రంగుని కప్పేసేది ఎక్కువగా అదే. ముదురు పచ్చకి వాడే బేస్‌లో అది దాదాపు వేయరు, వేస్తే ఎంత పచ్చ పోసినా పాలిపోయిన పచ్చే వస్తుంది. అందుకే మూత తీస్తే పలచటి గంజిలా ఉంటది, కప్పే గుణం తక్కువ, తెల్ల ప్రైమర్ మీద కొడితే రెండు కోట్లయినా మచ్చలు మచ్చలుగా తెలుపు తొంగిచూస్తానే ఉంటది. "ప్రైమర్‌నే బూడిద రంగు కలిపి ఇస్తానమ్మా, దాని మీద రెండు, గట్టిగా చూస్తే మూడు, అంతకి మించి లాగదు" అన్నాడు. అన్నట్టే మూడో కోటుకి గోడ మొత్తం ఒకటే రంగులోకి వచ్చేసింది. ప్రైమర్‌లో బూడిద కలిపినందుకు వేసిన ఎక్స్‌ట్రా కూడా పెద్దగా ఏం లేదు.

కలిపేటప్పుడు దగ్గరే నిలబడ్డా. మిషన్‌లో కోడ్ కొట్టి డబ్బాని నాజిల్ కింద పెట్టాడు, ముందు చిక్కటి పచ్చ సన్నగా దిగింది, తర్వాత నలుపు, చివర్న కాస్త పసుపు. ఆ మూడూ కలవకుండా బేస్ మీద పక్కపక్కనే నిలబడ్డాయి, ఇది మన కార్డు మీద రంగు ఎలా అవుద్దిరా బాబూ అనిపించింది. మూత బిగించి షేకర్‌లో పెట్టి గడగడలాడించి తీశాడు, కార్డు ముక్క మీద వేలితో కొంచెం రాసి హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి షేడ్ కార్డ్ పక్కన పెట్టి చూపించాడు, తడి మీద ఒకలా ఉంది ఆరాక ఇంకాస్త ముదిరింది, అప్పుడు అచ్చు సరిపోయింది. అన్నట్టు లీటరు డబ్బాలో బేస్ నిండా లీటరు ఉండదు, కలరెంట్, అంటే మిషన్‌లోంచి దిగే ఆ రంగులు, పోయడానికి చోటు వదిలి కొంచెం తక్కువే నింపుతారు, అది మోసం కాదు, కొట్లో గొడవ పెట్టుకోకండి. ఇంకోటి, మిషన్‌లో కలిపింది వెనక్కి తీసుకోరు, అందుకే ముందు చిన్న డబ్బా కలిపించుకుని ఒక పెద్ద చార్ట్ మీద వేసి గోడకి అతికించి పొద్దున ఒకసారి, రాత్రి లైట్లేసి ఒకసారి చూసుకుంటే మంచిది.

మామయ్యగారు కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు, ఆయనకి పచ్చ రంగు అనగానే పాఠం గుర్తొచ్చింది. 1775లో స్వీడన్‌లో షీలే అని ఆయన ఆర్సెనిక్‌తో ఒక పచ్చ రంగు తయారుచేశాడంట, తర్వాత యూరప్‌లో గోడలకి అంటించే కాగితాల్లోకి కూడా ఎక్కింది, చూడ్డానికి బ్రహ్మాండం, లోపల విషం. ఇప్పటి పచ్చలు ఎక్కువగా థాలోసయనిన్ అనే పిగ్మెంటు, దాంట్లో ఆర్సెనిక్ లేదులే అని ఆయనే సర్టిఫికెట్ ఇచ్చేశారు. అత్తయ్యగారు అప్పటికి శాంతించారు.

మేస్త్రి గురించి. మనిషి నిదానం, పని శుభ్రం. లప్పం పెట్టి ఎమిరి పేపర్ కొట్టాక రాత్రి దాకా ఆగి లైట్లన్నీ ఆపేసి గోడకి పక్కనుంచి ఫోన్ టార్చ్ వేసి చూశాడు, ఎక్కడెక్కడ మిట్టపల్లాలు ఉన్నాయో పెన్సిల్‌తో సున్నాలు చుట్టుకున్నాడు. లేత రంగులో కనపడని వంకరలన్నీ ముదురు రంగులో బయటపడతాయి, అందులోనూ మెరుపు ఉండే ఫినిష్ అయితే మరీను, అందుకే మెరుపు లేని మాట్ తీసుకోమన్నాడు. రెండు డబ్బాలూ ఒకే బకెట్‌లో పోసి కలిపాకే మొదలెట్టాడు, డబ్బాకీ డబ్బాకీ వెంట్రుకవాసి తేడా ఉన్నా గోడ మధ్యలో గీత కనపడుద్దంట. ఇంకా ఫ్యాన్ వేయనివ్వలేదు! మన విజయవాడ ఉక్కలో. ఫ్యాన్ గాలికి అంచు ముందే ఆరిపోతే దాని మీద రోలర్ మళ్ళీ తగిలిన చోట పట్టీలు పడతాయంట, చెమటలు కారిపోతున్నా పై నుంచి కింద దాకా ఆపకుండా లాగేశాడు. అర మార్కు ఎక్కడ పోయిందంటే, సీలింగ్ అంచున మాస్కింగ్ టేప్ వేయమంటే "నా చెయ్యుండగా టేపెందుకమ్మా" అన్నాడు, చెయ్యి మంచిదే గానీ ఏసీ పైన ఒక చోట తెలుపు మీద పచ్చ పాకింది, అది ఇప్పటికీ అలాగే ఉంది, నా కళ్ళు రోజూ అక్కడికే పోతాయి.

కొలత సంగతి: మంచి ఎమల్షన్లు లీటరుకి రెండు కోట్ల మీద సుమారు 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తాయంటారు, కానీ ముదురు రంగులకి మూడో కోటు లెక్కేసుకోండి. మేం రెండు లీటర్లు తీసుకున్నాం, మిగిలింది గట్టిగా మూతేసి మూత మీద కోడ్ స్టిక్కర్ ఉంచి అటక మీద పెట్టాను.

ఇప్పుడు రంగుకి ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే రాత్రి ట్యూబ్‌లైట్ వేస్తే గోడ నీలం నలుపుల మధ్య ఏదోలా అయిపోతుంది, పగటి అందం సగం కూడా ఉండదు. ఈ రకం ముదురు పచ్చలు పడిన వెలుగులో పదో వంతు కూడా తిరిగి ఇవ్వవు, గోడే మింగేస్తుంది. ట్యూబ్ తీసేసి పసుపు కాంతి, 3000 కెల్విన్ అని రాసి ఉంటుంది చూడండి, ఆ బల్బులు రెండు పెట్టాక దారికొచ్చింది. అంటే లైట్ల ఖర్చు కూడా రంగు ఖర్చులోనే వేసుకోవాలి, ఇది ఏ కొట్లోనూ ముందు చెప్పరు, మా కొట్టాయనా చెప్పలేదు, అయినా ఆయన మార్కు తగ్గించబుద్ధి కాలేదు.

దుమ్ము కనపడుద్ది. బల్లి రెట్ట ఇంకా కనపడుద్ది. దివాన్ మీద కూర్చుని తల వెనక్కి ఆనించే చోట కొబ్బరినూనె తగిలి రాసుకుపోయి మాట్ కాస్తా నున్నగా మెరవడం మొదలైంది, తడిగుడ్డతో గట్టిగా రుద్దితే ఇంకా మెరుస్తుంది, అక్కడ మళ్ళీ రంగు టచప్ చేస్తే అతుకేసినట్టు తెలిసిపోతుంది. అందుకని దిండ్లు ఎత్తుగా పేర్చేశా. చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే మాట్ వద్దు, కొంచెం మెరుపున్నా కడిగే రకమే తీసుకోండి.

చెమ్మ ఉన్న గోడకి అసలు వద్దు. మా చెల్లెలు వాళ్ళది సింగ్‌నగర్, గ్రౌండ్ ఫ్లోర్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్ళు ఇంట్లో నిలబడ్డాయి, ఆ గోడలు ఇప్పటికీ కింద ఉప్పు కక్కుతున్నాయి. మా హాలు చూసి తనకీ ఇదే రంగు కావాలంది, నేనే ఆపా. లేత రంగు మీదైతే ఆ తెల్లపొడి ఏదోలా కలిసిపోతుంది, ముదురు పచ్చ మీద మాత్రం గుమ్మంలోంచే కనపడుతుంది.

అందం సంగతికొస్తే కొండపల్లి బొమ్మలు ఈ గోడకే పుట్టాయేమో అనిపించింది. అంబారీ ఏనుగు, దశావతారాల సెట్టు ఇన్నాళ్ళూ క్రీమ్ గోడ ముందు ఏ మూలో పడున్నట్టుండేవి, ఇప్పుడు ఎరుపు, పసుపు ఎగిరొస్తున్నాయి. ఇత్తడి దీపం కుందెలు కూడా అంతే. కర్టెన్లకి మంగళగిరి తెల్ల కాటన్ తెచ్చి సన్న జరీ అంచుతో కుట్టించా. టేకు తలుపుకి పాలిష్ మాత్రమే, పెయింట్ లేదు. బ్లాక్ కలర్ ఫర్నిచర్ ఉన్నవాళ్ళు మాత్రం ఇంకోసారి ఆలోచించుకోండి, మా పాత నల్ల టీపాయ్ ఆ గోడ పక్కన పెడితే అసలు ఉందో లేదో తెలీలేదు.

మా ఆయన ఇప్పుడు బాల్కనీ బయటి గోడకి కూడా ఇదే వేద్దాం అంటున్నారు. అది పడమటి గోడ, మే నెల్లో మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండంతా దాని మీదే, ముదురు రంగు ఆ వేడినంతా పీల్చుకుంటది, ఆ గోడకి ఇవతల మా బెడ్రూమ్. కరెంటు బిల్లు ఆయనే కడతానంటే అప్పుడు మాట్లాడదాం అని చెప్పా.